కుండలోకి తొంగిచూసిన రంగు

ఇన్నేళ్లయినా ఆ ఏనుగు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. మా మేనేజరుకైతే రెండు చెంపలూ.

వైటూకే భయం రోజులు. పరదేశంలో, హారిస్ పార్కు అనే పేటలో ఉంటూ, జపాను బట్టలు తెప్పించి అమ్మే ఓ కంపెనీ కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలున్న చోటల్లా నాలుగు చేసేవాణ్ణి. అంకెలు పెరగాలంటే చోటు కావాలి. గుంటూరు నుంచి వచ్చిన మా మేనేజరు రంగుల పేర్ల మీద కన్నేశాడు.

"పేర్లెందుకయ్యా? నంబర్లిచ్చెయ్. సింపుల్!"

ఆ పేర్లన్నీ ఎక్కించింది శాంపిళ్లు చూసే జపాను పెద్దావిడ. ఆ మాట విని ఆవిడ ముఖం పాలిపోయింది. మధ్యాహ్నాలు నా పులిహోర తింటూ ఒక్కో పేరు పుట్టుకా చెప్పేది. మామూలు జనం మెరిసే రంగులు కట్టకూడదని పాలకులు శాసిస్తే, వాళ్లు బూడిద రంగులోనే లెక్కలేనన్ని తేడాలు పుట్టించి, ఒక్కోదాన్ని ఒక్కో రకం ఎలుక అన్నారట. అన్నిటికన్నా లేత నీలం పేరు 'కుండలోకి తొంగిచూడటం'. గుడ్డ నీలిమందు కుండలోకి ఇలా తొంగిచూసి అలా వచ్చేసిందట! అద్దకం పనిచేసిన ఆవిడ నాన్న చెప్పిన మాట. నేను మన ఉల్లిపొర రంగు చెబితే చప్పట్లు కొట్టింది.

పేర్ల కోసం పోట్లాడాను. "సరే, అంత కథ ఉంటే రాసివ్వు, ఓనర్‌కి చూపిస్తా" అన్నాడు మేనేజరు.

ఆవిడ చెప్పినవి ఐదు రాశాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆరోది కల్పించాను: చక్రవర్తిగారి ఏనుగు ఆవులిస్తే కనిపించిన గులాబీ రంగు, దాన్ని సరిపోల్చడానికి పన్నెండుమంది అద్దకంవాళ్లు నిచ్చెనలేసుకుని దాని నోట్లోకి దిగారని.

మేనేజరు పగలబడి నవ్వాడు. "జపాన్లో ఏనుగులేంటయ్యా బాబూ? నీ కోతలు నాకు తెలీవా? ఈ కుండా నీదేగా!"

"ఏనుగొక్కటే నాది సార్! మిగతావన్నీ నిజం."

"అన్నీ నీవే. డిలీట్ చెయ్."

పక్క గదిలోనే ఉంది పెద్దావిడ. పిలిచి ఒక్క మాట అడగొచ్చుగా! అడగడు. కాగితం ఓనర్ దాకా పోనేలేదు. వినదలుచుకోనివాడికి సాకు కావాలి, అది నేనే పళ్లెంలో పెట్టి ఇచ్చాను. పేర్లన్నీ నా చేత్తోనే చెరిపించాడు. లేత నీలం పదిహేడయింది.

ఆవిడ ఆ కాగితం తీసుకుని చదివింది. "ఏనుగు కథ మీదేనా?"

"అవునండీ."

"బాగుంది," అంది. నవ్వలేదు.

ఆ తర్వాత కూడా శాంపిళ్ల వెనక పెన్సిలుతో పేర్లు రాసుకుంటూనే ఉండేది. భోజనాల దగ్గర నేను ఏదైనా గుడ్డముక్క చూపించి, దీని పేరేమిటండీ అని అడిగితే మాత్రం, నంబరు చెప్పేది.