ముక్కులో గుమ్మం ఉన్న ఓడ

పలాస నుంచి సోంపేట వెళ్లే బస్సుల్లో కిటికీ షట్టర్లు రెండే రకాలు. ఎండాకాలంలో తెరుచుకోనివి, వానాకాలంలో మూసుకోనివి. నాకెప్పుడూ రెండో రకమే దక్కేది. తడవడం తప్ప వేరే పనిలేక దారిలోని బోర్డులన్నీ చదివేవాణ్ణి. మైకులు అద్దెకిచ్చే కొట్టు పేరు ప్రశాంతి సౌండ్స్. ఒక పిండిమర పేరు తాజ్‌మహల్. లండన్ సెలూన్‌లో కుర్చీ ఒక్కటే. రెండో గిరాకీ బయట కొబ్బరి దుంగ మీద కూర్చునేవాడు. డిగ్రీ చదివినవాణ్ణి కదా, నవ్వే హక్కు నాకుందని గట్టి నమ్మకం.

ఆ హక్కుకి చేతినిండా పని కల్పించింది మా బావే, అక్క మొగుడు. సింగపూర్ షిప్‌యార్డులో ఆరేళ్లు వెల్డింగ్ చేసి, రెండు వేల సంవత్సరం దాటాక తిరిగొచ్చి, రోడ్డు పక్క జీడితోటలో ఓడ ఆకారంలో టిఫిన్ హోటల్ కట్టాడు. గుండ్రటి కిటికీలు, సిమెంటు లంగరు. పేరు సింగపూర్ టిఫిన్స్. దొరికేవి ఇడ్లీ, పూరీ. అది నడవకపోతే బావ మళ్లీ విమానం ఎక్కాల్సిందే. ఆరేళ్లు ఒంటరిగా ఉన్న అక్కకి అదే బెంగ.

గుమ్మం తూర్పునే ఉండాలన్నాడు సిద్ధాంతి. తూర్పున ఉన్నది ఓడ ముక్కు. తిప్పుదామంటే అది నీళ్లమీద లేదు. బావ సిద్ధాంతినీ కాదనలేదు, ఓడనీ వదులుకోలేదు. ముక్కు కొసనే గుమ్మం పెట్టించాడు. పక్కకి తిరిగి దూరాలి. కాస్త ఒళ్లున్నవాళ్లు వెనక వంటింట్లోంచి వచ్చేవారు. ఓడకి ముక్కులో గుమ్మం ఎక్కడైనా ఉంటుందా అని బావని అడిగాను. తను అతికినవన్నీ ఓడల అడుగు భాగాలేనట, పైకి ఎప్పుడూ ఎక్కలేదట.

నా వంతు సాయం నేనూ చేశాను. టెక్కలి కాలేజీ స్నేహితులకి చెప్పాను, బస్సులో పక్కసీటు వాళ్లకి చెప్పాను. జనం వచ్చారు. గుమ్మంలో ఇరుక్కుని ఫొటోలు దిగారు, లంగరు ఎత్తబోయారు, మంచినీళ్లు తాగి వెళ్లారు. ప్రచారం బాగా జరుగుతోందనే అనుకున్నాను.

ఒక ఉదయం మరో నలుగురిని వెంటబెట్టుకెళ్లాను. బావ లేడు. పాస్‌పోర్టు పనిమీద విశాఖపట్నం వెళ్లాడని అక్క చెప్పింది. నిన్నటి ఇడ్లీలు గేదె కుడితిలో వేస్తోంది. అటు నా స్నేహితులు గుమ్మంలో ఒకణ్ణొకడు తోసుకుంటూ నవ్వుతున్నారు. కాసేపు వాళ్లని చూసి, చేతులు కడుక్కుని, నా వైపు తిరిగింది.

"నువ్వు తెచ్చినోల్లందరూ సూసి ఎలిపోనారు గానీ, కూకోని ఒక్కడూ తిననేదురా. రేపట్నుంచి నువ్వూ రాకు."