ఇరవై సెకన్ల సాక్ష్యం

2019లో నేను సూరత్‌లో లోకో ఇన్‌స్పెక్టర్‌ని. పట్టాల మీద ఎవరైనా చనిపోతే డ్రైవర్ తప్పుందో లేదో లెక్కగట్టి రాయడం నా ఉద్యోగంలో భాగం. ఆదివారాలు మా తెలుగు క్రైస్తవ సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి. అబద్ధ సాక్ష్యం ఎంత పాపమో చాలాసార్లు బోధించాను.

ఆ వర్షాకాలం ఒక ఉదయం నవాగామ్ దగ్గర మల్లేశం అనే మరమగ్గాల కార్మికుడు రైలు ఢీకొని చనిపోయాడు. పట్టాల మధ్య నడుస్తూ పనికి వెళ్తుంటే రైలు వెనక నుంచి వచ్చింది. ఇంజన్‌లో వేగాన్ని నమోదు చేసే స్పీడ్ రికార్డర్ ప్రకారం, ఎమర్జెన్సీ బ్రేక్ వేసినప్పుడు వేగం సెకనుకు ఇరవై మీటర్లు. అది ప్రతి సెకనుకూ 0.4 మీటర్ల చొప్పున తగ్గుతూ వచ్చింది. మనిషి 320 మీటర్ల దూరంలో ఉన్నాడు. చలన సూత్రంలో ఈ అంకెలు వేస్తే t² − 100t + 1600 = 0 అనే వర్గ సమీకరణం వచ్చింది. t అంటే రైలు అతన్ని చేరడానికి పట్టే సెకన్లు: ఇరవై, లేదా ఎనభై.

"రెండు జవాబులొచ్చాయి సార్, మీకేది కావాలో తీసుకోండి," అని మా క్లర్క్ నవ్వాడు.

రైలు యాభయ్యో సెకనుకే ఆగిపోయింది కనుక ఎనభై కొట్టేశాను. ఆగడానికి ఐదు వందల మీటర్లు కావాలి. డ్రైవర్ తప్పు లేదు. నేను అక్కడితో ఆగలేదు. "ఇరవై సెకన్లు హారన్ మోగినా తప్పుకోలేదు, కావాలనే చనిపోయాడు" అని రాసి సంతకం పెట్టాను.

నెల తర్వాత అతని భార్య అనసూయ వచ్చింది. నా రిపోర్టు నకలు బల్ల మీద పెట్టి, ఆఫీసంతా తిరిగి చూసేంత గట్టిగా అడిగింది.

"గిది రాసింది నువ్వేనా సారూ?"

"నేనేనమ్మా. కాస్త మెల్లగా మాట్లాడండి."

"మెల్లగ మాట్లాడుడు మర్సిపోయిన. పదిహేనేండ్లు మగ్గాల నడుమ పనిజేసిండు ఆయన. చెవుల పక్కన ఒర్రితెగాని ఇనబడకపోయేది. నేను కొట్లాడి సంపుకున్ననంటుంది మా అత్త. నీ కాగితమే సూపిస్తది. పొద్దుగాల అన్నం డబ్బా కట్టిచ్చుకొని పోయినోడు సావబోతడా సారూ?"

రైలు గురించి అన్నీ కనుక్కున్నాను. మనిషి గురించి ఒక్కటీ అడగలేదు.

సవరణ రాసిచ్చాను. ఫైలు మూసేశామన్నారు పైవాళ్లు. ఆ సవరణ నకలు తీసుకుని లింబాయత్‌లో వాళ్ల గదికి వెళ్లాను. మల్లేశం తల్లి కూడా మగ్గాల్లో పనిచేసిన మనిషే. నేను చదువుతుంటే, "ఏందే, పెదవులాడిస్తుండు?" అంది. అనసూయ ఆమె చెవి దగ్గర వంగి అరిచింది: "నీ కొడుకు సావాలని పోలేదట అత్తా! రైలు ఇనబడలేదట!"

ముసలామె నా వైపు తిరిగింది. "మరి అప్పుడు గట్లెందుకు రాసినవ్ బిడ్డా? నీ రాత పట్టుకొని దీన్ని నోటికొచ్చినట్టు తిట్టిన గదా."

లెక్క సరైనదే, సాక్ష్యం అబద్ధం. ఆ సమీకరణం నాకు ఇరవై సెకన్లు ఇచ్చింది. అతని మనసులో ఏముందో నేను కల్పించాను. ఇప్పుడు రిపోర్టు రాసే ముందు చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్తాను. తిడతారు. కూర్చుని వింటాను.