కుంటిమేక తిన్న చిక్కుడు పందిరి

మొక్కను ఏ జంతువు కొరికిందో చూసి చెప్పే విద్య నాకు మా నాన్న దగ్గర అబ్బింది. అది నేర్వకపోయినా బాగుండేదని ముసలితనం వచ్చిన ఇన్నాళ్ళకూ అనుకుంటూనే ఉన్నాను.

మా పుట్టిల్లు ములుగు అడవి అంచున. కుందేలు కొరికితే కొమ్మ కొడవలితో ఏటవాలుగా కోసినట్టుంటుంది. అడవిపంది తినేదానికన్నా తవ్విపోసేది ఎక్కువ. మేకకూ జింకకూ పైదవడ ముందు పళ్ళుండవు కాబట్టి రెండూ ఆకును పీకుతాయి, తెగినచోట నారలు వేలాడతాయి. వాటిని అడుగుల్లో పోల్చుకోవాలి. మేక గిట్ట మొన మొద్దు, జింకది సన్నం. మేక కంచెలో సందు వెతుక్కుంటుంది, జింక పైనుంచే దూకుతుంది.

పెళ్ళయి వర్ధన్నపేట దగ్గరి ఊరికి కాపురానికి వచ్చేనాటికి రెండో ప్రపంచయుద్ధం జరుగుతోంది, ఊళ్ళో గింజ గింజకూ కరువు. ఆ కొత్తలోనే పెరట్లో వంగమొక్కలు తెగిపడుతుంటే అందరూ ఎలుకలన్నారు. నేను కుందేలన్నాను. ఉచ్చు పెట్టించాను, మర్నాటికే పడింది. ఊరంతా మెచ్చుకుంటే పొంగిపోయాను. పదహారేళ్ళ కోడలికి అంతకన్నా ఏం కావాలి!

ఆ చలికాలం చిక్కుడు పందిళ్ళ మీద పడింది ఏదో. ఒక్క మా ఇంట్లోనే కాదు, మా వాడలో నాలుగిళ్ళలో. మా అత్త పొద్దున్నే వీధిలోకి వెళ్ళి పక్కింటి అవ్వ మేకను తిట్టడం మొదలుపెట్టింది. ఆ అవ్వకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఒక్క మేక, అదీ వెనకకాలు కుంటిది. దాని పాలమ్ముకుని బతికేది. నేను వచ్చిన కొత్తలో జ్వరంతో పడుంటే పది రోజులు గ్లాసెడు పాలు తెచ్చి తాగించింది కూడా ఆమే.

నేను పెరట్లోకి వెళ్ళి చూశాను. కంచెలో సందు లేదు. కంచె ఇవతల నేలలో లోతుగా దిగిన గిట్టల గుర్తులు, మొనలు సన్నగా. ఊళ్ళో తిరిగే జింక ఒక్కటే. అది ఊరిని ఏలే దొర తన గడిలో, ఆ కోటలాంటి ఇంట్లో, పెంచుకునేది, మెడకు ఎర్ర పట్టుతాడు. ఎదురైతే జనమే పక్కకు తప్పుకోవాలి.

"అత్తా, గిది మేక గాదు, జింక," అన్నాను.

"నాకు ఎరుక లేదానే? నెల కిందనే సూసిన. దొర జింక అన్నమంటె మనం దున్నుకునే ఆ చెలక గూడ గుంజుకుంటడు. నోరు మూస్కో," అంది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా!

జింక మాట ఎవరి నోటనో జారకముందే నేరం ఎవరిమీదనో పడాలి. దొర చెప్పుచేతల్లో ఉండే పటేలు తన అరుగు మీద పంచాయితీ పెట్టాడు. ఆడవాళ్ళం కొంగు తలమీదికి లాక్కుని ఓ పక్కన నిలబడ్డాం.

"అడవి దిక్కు పిల్లవట. కుందేలును పట్టిచ్చినవట. గిది దేని పనో జర నువ్వే చెప్పు," అన్నాడు పటేలు నాతో.

కావాలనే నన్నడిగాడు. నా మాటకు విలువుందని వాడికి తెలుసు. మా మామ తల దించుకున్నాడు. అత్త నా మోచెయ్యి నొక్కింది.

"మేకదే," అన్నాను.

అవ్వ నన్నే చూసింది. "బిడ్డా, నా మేక కుంటిది గదనే. రెండు కాళ్ళ మీద నిలబడకుంట పందిరి ఎట్ల అందుకుంటది?"

అక్కడున్న ప్రతివాడికీ అది కుంటిదని తెలుసు. అయినా మేకను జుర్మానా కింద గడికి తోలుకుపోయారు. మర్నాడే కోసుకుని తిన్నారు. ఏం ఆకలో వాళ్ళకు!

వారం తిరక్కుండానే మా పందిరి మళ్ళీ సగం ఊడిపోయింది. ఈసారి మా అత్త వీధిలోకి వెళ్ళలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఇంటిల్లిపాదీ గమ్మున ఉన్నాం.

అవ్వ మా కంచె దగ్గరికి వచ్చింది. వేలాడుతున్న తీగలనూ, నేలమీది గిట్టలనూ చాలాసేపు చూసింది. నేను చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ గుర్తులను ఊడ్చెయ్యమని అత్తే పంపింది.

"ఇప్పుడు తిన్నది గూడ నా కుంటిమేకనేనా, బిడ్డా?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. నా నోటితో నేను చెబుతానేమోనని ఆగింది. నేను తలవంచుకుని ఆ గిట్టల గుర్తుల మీద చీపురు వేశాను.