అందరికీ ఒక్క పొయ్యి

పాల్మోకి పొయ్యి కొనడమంటే ఎద్దును కొన్నట్టే. హిమాలయాల్లోని కేలాంగ్ బజారులో, గది వెచ్చబెట్టే ఒక్కో ఇనప పొయ్యినీ వేలి కణుపులతో కొట్టి చెవి పెడుతుంది, తలుపు తీసి తల లోపలికి దూరుస్తుంది, ముక్కుకి మసి అంటినా తుడుచుకోదు.

"ఇల్లెంత పెద్దది, పెద్దమ్మా?" అన్నాడు కొట్టువాడు.

"పద్నాలుగు గదులు. చలికాలమంతా అందరం ఒక్క గదిలోనే. మా మరిది పిల్లలూ చుట్టూ పట్టాలి, పెద్దది చూపించు."

వేసవిలో మరిది వంట వేరు పెట్టుకున్నాడు. మంచు పడ్డాక నిప్పు దగ్గరికి రాక ఎక్కడికి పోతారని ఆవిడ ధీమా. కొట్టులోకల్లా పెద్దదాని మీద చెయ్యి వేసి నిలబడింది.

"అక్కా, నువ్వూ వచ్చావా?" ఆ మరిది పెళ్లాం, తోటికోడలు యంగ్‌జోమ్ కొట్టు వెనక గదిలోంచి వచ్చింది. కూలివాడి వీపున కొత్త చిన్న పొయ్యి, ఆమె చంకలో పొగగొట్టం. "ఒకే ఇంటికేగా, రెండూ ఒకే బండిలో వేయిద్దాం."

పాల్మో ఆ గొట్టం వంక కాసేపు చూసింది. "కప్పుకి చిల్లెక్కడ పొడుస్తారే?"

"మా వైపే అక్కా."

"చుట్టూ మట్టి గట్టిగా మెత్తించు. మంచు కరిగితే పిల్లల మీద కారుతుంది."

"ఇది కట్టమంటావా, పెద్దమ్మా?" అన్నాడు కొట్టువాడు.

"దీనికి కట్టెలెవడు మోస్తాడు?" అంటూ పాల్మో చెయ్యి తీసేసింది. "మా ముసలాడికీ నాకూ సరిపోయేది చూపించు."