తడి ఆరేదాకా

శ్రీహరికోటకు పడవ తప్ప దారి లేని రోజులవి. రేవులో మశూచి టీకాలు వేసే ఆయన ఒక పసిపిల్ల జబ్బ మీద మందు వేసి, తల్లితో అన్నాడు:

"రష్యా నుంచి ఇంతదూరం వచ్చిన మందమ్మా. తుడిచి నీ కొంగుకు తాపించబాక. ఆరనీ."

"పెద్దదానికి తుడిచేసినా సార్. అమ్మోరు పోసింది. బిడ్డ దక్కలా," అందామె.

పడవలో ఆ తల్లీబిడ్డలు, రెండు బియ్యం బస్తాలు, పడవ నడిపే మనిషి, దీవి నక్షా గీయడానికి పోతున్న నేను, నా డ్రాయింగు పెట్టె. ఉప్పునీళ్ళు చిందినప్పుడల్లా ఆమె వీపు అడ్డం పెట్టి, ఆ చిన్న జబ్బ మీద మెల్లగా ఊదుతోంది.

"ఎప్పుడో ఆరిపోయి ఉంటుందమ్మా," అన్నాను.

"ఆరితే ఆరిందిలే అన్నా. ఊదితే నాదేం పోతాది?"

అవతలి ఒడ్డు దాకా ఊదుతూనే ఉంది.

ఇప్పటికీ నక్షా మీద సిరా తడిగా ఉంటే నేను అద్దుడుకాగితం వాడను, మెల్లగా ఊదుతాను.