మూత మీది లాటు నంబరు

మా పెద్దమ్మ పగ పట్టిందంటే వదలదు. అదే ఆవిడకున్న జబ్బని అమ్మ విసుక్కుంటుంది. నాకు మాత్రం ఆ జబ్బంటేనే ముచ్చట.

రేవు పక్కన ఆహార పరీక్షల ల్యాబులో ఆవిడ ఇరవై ఆరేళ్లు పనిచేసింది. ఓడల్లో వచ్చే గింజల్లో పురుగుమందు ఎంత మిగిలిందో తేల్చేది. హద్దు దాటిన సరుకును గుమ్మం తొక్కనిచ్చేది కాదు. ఒకసారి శనగల లాటొకటి, అంటే ఒకే నంబరు కింద దిగిన సరుకు, హద్దుకు నాలుగింతలు తేలింది. పనికిరాదని రాసింది. ఆవిడ దగ్గరే పని నేర్చుకుని పై కుర్చీ ఎక్కిన శిష్యుడు ఆ కాగితం చించేసి, సరుకు భేషుగ్గా ఉందని తానే సంతకం పెట్టాడు. ఆవిడను పాత ఫైళ్ల గదిలోకి తోశాడు. శనగలు బడిపిల్లల కంచాల్లోకి వెళ్లాయి. పెద్దమ్మ కడుపు మండింది అందుకే, కుర్చీ పోయినందుకు కాదు.

ఏడాది తిరక్కుండానే ఆ పెద్దమనిషి వాణిజ్య ఒప్పందానికి సలహాదారయ్యాడు. అందులో ఒక షరతు దూర్చాడు: అమ్మే దేశం బాగుందని రాసిస్తే చాలు, మన రేవులో మళ్లీ పరీక్ష అక్కర్లేదు. అది ఖాయమైతే ల్యాబుకు తాళమే. అభ్యంతరాలు వినడానికి కమిటీ ఒక పూట కూర్చుంది. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని, భోజనం డబ్బాతో బయల్దేరింది.

శిష్యుడు అరగంట ఊదరగొట్టాడు. వాళ్ల పరీక్షా మన పరీక్షా ఒకటేనట, అనుమానాలన్నీ చాదస్తమట. తన వంతు రాగానే పెద్దమ్మ డబ్బా అతని ముందు పెట్టి మూత తీసింది. ఉడికించిన శనగలు. మూత మీద పెన్నుతో రాసిన ఏడంకెల నంబరు. మిగతావాళ్లకు అదొక నంబరు, అంతే. అది ఏ లాటుదో అతనికి తెలుసు. ప్రతి లాటులో కొంత ల్యాబులో సీలు వేసి దాస్తారనీ తెలుసు.

"ఒక్క గుప్పెడు తిను నాయనా," అంది పెద్దమ్మ.

అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కమిటీ అధ్యక్షురాలు తినడానికేమని అడిగింది.

"ఆ లాటు తినేది కాదండీ," అని నోరు జారాడు.

ఏ లాటని అధ్యక్షురాలు నిలదీసింది. పెద్దమ్మ మూత మీది నంబరు చూపించి, దాన్ని భేషని సంతకం పెట్టింది ఇతనేనంది. షరతు తీసేయాలని కమిటీ ఆ పూటే రాసిచ్చింది.

బయట మెట్ల మీద కూర్చుని పెద్దమ్మ ఆ శనగలే తినబోయింది. నేను హడలిపోయి చెయ్యి పట్టుకున్నాను.

"సీలు తీస్తానటే నేను? పొద్దున సందు చివర కొట్లో కొన్నవే ఇవి," అంది.

నవ్వాగాక, ఇప్పటికైనా కడుపు చల్లబడిందా అని అడిగాను.

"ఎక్కడే? ఆ పిల్లలు తిన్నారు. వాడు తినలేదు," అంది.