జవాబు చెప్పొద్దన్న క్లాసు

సిద్దిపేట జిల్లా కేంద్రమైన మరుసటి వేసవిలో, పట్టణంలో నేను పనిచేస్తున్న ప్రైవేటు జూనియర్ కాలేజీ నన్ను 'డెమో ఫ్యాకల్టీ'గా వేసింది. హోదా మాత్రం పాతదే, ఫిజిక్స్ సీనియర్ లెక్చరర్. అప్పటికి బోర్డు ముందు నిలబడటం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. ప్రిన్సిపాల్, ఆయన కింద డీన్, ఆ కింద మేము, మా కింద జూనియర్ లెక్చరర్లు. బయటికి కనిపించే వరస ఇది. పదో తరగతి పరీక్షలు ముగిశాక మాత్రం పెత్తనమంతా పీఆర్వోల చేతికి పోయేది. పీఆర్వో అంటే ఊరూరా తిరిగి పిల్లల్ని కాలేజీలో చేర్పించే ఉద్యోగి. మండలానికి ఒకరుండేవారు. వాళ్లందరి మీద మార్కెటింగ్ ఇన్‌చార్జి వెంకట్. అతనికి నా దగ్గర చదువుకునే వయసు దాటి ఎక్కువ కాలం కాలేదు. అయినా వేసవిలో అతను గదిలోకొస్తే ప్రిన్సిపాల్ లేచి నిలబడేవారు.

డెమోకి ఒక పద్ధతి ఉంది. కాలేజీ బస్సు తొగుట వైపో చంద్లాపూర్ వైపో వెళ్లి పిల్లల్నీ, వెంట తల్లినో తండ్రినో తీసుకొస్తుంది. ఉప్మా పెడతారు. ఏసీ హాల్లో కూర్చోబెట్టి ఒక పీరియడ్ పాఠం చెప్పిస్తారు. పాఠం అయ్యాక వాళ్లు బయటికొచ్చే తలుపు నేరుగా అడ్మిషన్ గదిలోకి తెరుచుకుంటుంది. ఆ తలుపు అక్కడ పెట్టించింది కూడా వెంకటే.

నేను గ్లాసు పాఠం చెప్పేదాన్ని. గ్లాసు నిండా నీళ్లు పోసి, మీద అట్టముక్క పెట్టి, ముందు వరసలోంచి ఒకరిని పిలిచి వాళ్ల తల మీద దాన్ని బోర్లిస్తాను. అట్ట మీంచి చెయ్యి తీసేస్తాను. నీళ్లు పడవు. కింది నుంచి గాలి అట్టను నొక్కి పట్టుకుంటుందని చెప్పి, అసలు ప్రశ్న అప్పుడు అడుగుతాను: ఈ గ్లాసు మన నాలుగంతస్తుల బిల్డింగంత పొడుగుంటే, అప్పుడూ నీళ్లు ఆగుతాయా?

మొదటి రోజే వెంకట్ అడ్డం పడ్డాడు. "మేడం, గ్లాసు సూపరున్నది. గా జవాబొక్కటి చెప్పకుర్రి. జూన్ల చెప్తమనుర్రి" అన్నాడు. ఊరించి వదిలేయడం నా పద్ధతి కాదన్నాను. జవాబు చెప్పేస్తే వాళ్లకి కాలేజీతో ఏం పనని నవ్వాడు. నిజానికి పాఠంలోనూ ఆ కిటుకు ఉంది. సాయంత్రం ప్రశ్న వదిలితే పిల్లలు దాన్ని ఇంటికి మోసుకుపోతారు, మర్నాడు ముందే వచ్చి కూర్చుంటారు. కాకపోతే మర్నాడు నేనూ వస్తాను. జూన్‌లో ఎలాగూ నేనే చెబుతాను కదా అని ఒప్పుకున్నాను.

ఆ వేసవిలో గ్లాసు కింద నిలబడ్డ వాళ్లలో మౌనిక ఒకతె. చంద్లాపూర్ పిల్ల. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. గ్లాసు బోర్లించగానే అందరూ కళ్లు మూసుకుంటారు. ఈ పిల్ల తలెత్తి గ్లాసులోకి చూసింది. పాఠమయ్యాక తండ్రి నా దగ్గరికి వచ్చాడు. "గురుకుల కాలేజీల సీటు వచ్చేటట్టున్నది మేడం. ఫీజు లేదు, తిండి వాళ్లదే. మీ క్లాసు ఇన్నంక ఇది గీడనే సదువుత అంటున్నది. మీరే చెప్తరు గదా?" అని అడిగాడు. నేనే చెబుతానన్నాను.

జూన్‌లో టైంటేబుల్ వచ్చింది. నాకు వేసింది ఒకే ఒక్క స్పెషల్ బ్యాచ్, ర్యాంకులు వస్తాయనుకున్న పిల్లలది. మిగతా సెక్షన్ల సంగతి అడిగితే డీన్ 'డిజిటల్' అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో నేను మళ్లీ అడగలేదు.

ఒక ఉదయం పై అంతస్తు వరండాలో నడుస్తున్నాను. ఒక గదిలోంచి నా గొంతు వినిపించింది. నేను బయట ఉన్నాను, నా గొంతు లోపల పాఠం చెబుతోంది. తలుపు తోసి చూస్తే గోడ మీది తెర మీద నేనే ఉన్నాను. అదే ఆకుపచ్చ చీర, చేతిలో అదే గ్లాసు. డెమోలప్పుడు హాలు వెనక కెమెరా పెడితే ప్రకటనల కోసమనుకున్నాను. గదిలో ఒక ఇన్విజిలేటర్ ఫోను చూసుకుంటున్నాడు. తెర మీద నేను నాలుగంతస్తుల ప్రశ్న అడిగాను, నవ్వాను. వీడియో అక్కడితో ఆగిపోయింది. ఆగక ఏం చేస్తుంది, జవాబు ఎప్పుడూ చెప్పనే లేదు కదా. నా ముఖం నోరు సగం తెరుచుకుని అలాగే నిలిచిపోయింది. పిల్లలు ఆ ముఖాన్నీ తలుపు దగ్గరున్న నన్నూ మార్చి మార్చి చూశారు.

మౌనిక లేచి నిలబడింది. "మేడం, మీరు కరీంనగర్ బ్రాంచికి పోయిన్రని చెప్పిన్రు" అంది.

తక్కిన సంగతి పిల్లలే చెప్పారు. ఏ చాప్టరు మొదలుపెట్టినా ముందు ఈ వీడియోనే వేస్తారట, పిల్లలు కుదురుగా కూర్చుంటారని. తర్వాత ఎక్కడో రికార్డు చేసిన ఎవరివో పాఠాలు. సందేహం వస్తే అడగడానికి మనిషి లేడు. ఇన్విజిలేటర్‌ని తెర కట్టేయమని చెప్పి అక్కడే జవాబు చెప్పాను. సుమారు పది మీటర్ల దాకా ఆగుతాయి, మన బిల్డింగు అది దాటుతుంది, అంత నీటిని గాలి మోయలేదు. మౌనిక ఒక్క క్షణం ఆలోచించి, "మా బాయి కాడ మోటరును కిందికి దించి పెట్టుడు గందుకేనా మేడం?" అని అడిగింది. అందుకేనన్నాను, మోటరు పీల్చే నీళ్లనీ పైకి నెట్టేది ఆ గాలే. ఇలాంటి పిల్లనా తెర ముందు కూర్చోబెట్టారని ఒళ్లు మండిపోయింది.

తిన్నగా వెంకట్ గదికి వెళ్లాను. అతను దాచలేదు, తడబడలేదు, కుర్చీ చూపించాడు. "పట్టుకొచ్చుడు మీ పని మేడం, ఉంచుకునుడు నా పని" అని వెనకున్న ఇనుప బీరువా తట్టాడు. అందులో పిల్లల టీసీలు, పదో తరగతి మెమోలు, అన్నీ ఒరిజినల్స్. కాలేజీలు వాటిని అట్టిపెట్టుకోకూడదు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. "గివి గీడ ఉన్నంక ఎవ్వరెటు పోతరు?" అన్నాడు. చివరి బెల్లు దాకా పిల్లల మనసు పాఠం మీద నిలపడం ఎలాగా అని పాతికేళ్లు తల బద్దలు కొట్టుకున్నదాన్ని. ఈ మనిషికి ఒక బీరువా, ఒక తాళం సరిపోయాయి.

అప్పటికే మౌనికకి గురుకులంలో సీటు వచ్చింది. ఆ వారంలోగా ఒరిజినల్స్ చూపించకపోతే సీటు తర్వాతి వాళ్లకి పోతుంది. తెర సంగతి విని తండ్రి కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరిగితే రేపు రా, ఎల్లుండి రా అని పంపించేశారు. అడ్మిషన్లు ఇంకా ముగియలేదు, ఒక్క డెమో మిగిలి ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు సాయంత్రం నేను వెంకట్‌కి ఒకటే చెప్పాను: ఆ పిల్ల కాగితాలు ఆమె తండ్రి చేతికి వస్తే రేపు ఆఖరి డెమో ఉంటుంది, రాకపోతే ఉండదు. అతను కాసేపు ఆలోచించి బీరువా తెరిచాడు. బస్సుల నిండా మనుషులు వస్తుంటే ఒక్క పిల్ల అతనికి లెక్కలోది కాదు. మర్నాడు పొద్దున్నే వచ్చిన తండ్రి కాగితాల కవరు చొక్కా లోపల పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ, "మీరన్న ముందుగాల చెప్పాలె గద మేడం" అన్నాడు.

మాట ఇచ్చాను కనుక డెమో చెప్పాను. గ్లాసు బోర్లించాను, ప్రశ్న అడిగాను, ఈసారి జవాబూ చెప్పాను. తర్వాత తల్లిదండ్రుల వైపు తిరిగి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇక్కడ నేను చెప్పేది ఒక్క సెక్షన్‌కే, మిగతా పిల్లలకి తెర వేస్తారు, ఒరిజినల్స్ ఒకసారి ఇస్తే తిరిగి తీసుకోవడం కష్టం, అన్నీ కనుక్కున్నాకే చేర్పించండి అన్నాను. ఉద్యోగం పోయిందనుకున్నాను. పోతే పోయిందనుకున్నాను.

జనం లేచారు. లేచి అడ్మిషన్ గదిలోకి వెళ్లి వరసలో నిలబడ్డారు.

తొగుట నుంచి కొడుకుని తీసుకొచ్చిన ఒకాయన నాకు దండం పెట్టాడు. "అన్ని కాలేజీలోళ్లు అబద్ధాలే చెప్తరు. నిజం చెప్పింది మీరొక్కరే మేడం. మా వోణ్ణి గీడనే ఏస్తున్నం" అన్నాడు. మీవాడికి నేను పాఠం చెప్పనని మళ్లీ విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, తలూపాడు, వరసలోకి వెళ్లాడు. కాసేపటికి వెంకట్ స్వయంగా చాయ్ తెచ్చి ఇచ్చాడు. ఒక్క డెమోకి ఇంతమంది ఎన్నడూ చేరలేదని, వచ్చే ఏడు కూడా ఇట్లనే చెప్పమని అడిగాడు. బీరువా చూసినప్పటి కంటే ఆ చాయ్ పట్టుకుని నిలబడ్డప్పుడే నేను ఎక్కువ నిర్ఘాంతపోయాను.

మౌనిక గురుకులంలో చేరింది. తొగుట పిల్లవాడు తెర ఉన్న సెక్షన్‌లో పడ్డాడని తర్వాత తెలిసింది. ఆ నెలాఖరుకి నేను ఉద్యోగం మానేసి, ఊళ్లోనే ఒక చిన్న కాలేజీలో చేరాను.

నేర్చుకున్నది ఇది. జనం శ్రద్ధ పూర్తిగా మన మీద ఉన్నప్పుడు వాళ్లు మనిషిని నమ్ముతారు, చెప్పిన విషయం అక్కడే పడిపోతుంది. హెచ్చరిక కూడా అప్పుడు ప్రకటనగానే పనిచేస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను డెమో చెప్పలేదు. మర్నాడు కూడా నా ఎదుట కూర్చునే పిల్లలకే పాఠం చెప్పాను.